ఇశ్రాయేలు వంశావళులు: నామములలోని చరిత్ర

హీబ్రూ పవిత్ర గ్రంథమును చదువబూనిన సాహిత్యపరులు పలువురు వంశావళులు వచ్చినచోట పుటలు త్రిప్పివేయుదురు. దినవృత్తాంతముల మొదటి గ్రంథమున తొలి తొమ్మిది అధ్యాయములును దాదాపు నామములే. ఆదాము పేరితో ఆరంభమగు ఆ పట్టికకు మొదట క్రియాపదము సైతము లేదు. కథ లేనిచోట అర్థమేమున్నదని పాఠకుడు శంకించుట సహజము. కాని ఆ నామములను కూర్చినవారికి అవి కథకన్న బరువైనవి.

హీబ్రూలో వీనికి ‘తోలెదోత్’ అని పేరు. అది కనుట అను అర్థముగల ధాతువునుండి పుట్టిన మాట. ఆదికాండము దీనినే ప్రకరణములకు శీర్షికగా వాడుకొన్నది. అందు ఆదామునుండి నోవహు వరకు పది తరములు, షేమునుండి అబ్రాము వరకు మరల పది. నడుమ జలప్రళయము వచ్చినను సృష్టిక్రమము తెగలేదని ఈ సంఖ్యాసామ్యము సూచించును. పదవ అధ్యాయమున ఐగుప్తు, కనాను, అష్షూరు మున్నగు జాతులన్నియు నోవహు సంతతిగా లెక్కింపబడినవి. ఇశ్రాయేలునకు శత్రువులైనవారును అందు జ్ఞాతులే.

వంశావళి వట్టి జ్ఞాపకము కాదు, హక్కుపత్రము. సంఖ్యాకాండము 27వ అధ్యాయమున సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే యెదుట నిలిచి, కుమారులు లేనంతమాత్రమున తమ తండ్రి పేరు వంశమునుండి ఏల మాసిపోవలెనని అడిగిరి. పేరు నిలుచుట యనగా భూమి నిలుచుటయే. వారికి స్వాస్థ్యము లభించినది.

ఈ పత్రము లేనివారి గతి ఎజ్రా గ్రంథమున కనిపించును. క్రీ.పూ. 538 ప్రాంతమున పారసీక చక్రవర్తి కోరెషు అనుజ్ఞ నిచ్చిన పిమ్మట బబులోను చెరనుండి ప్రజలు మరలివచ్చిరి. వారిలో హబాయా, హాక్కోజు, బర్జిల్లయి సంతతులవారు తమ వంశముల లెక్కను వెదకికొనిరి, అది దొరకలేదు. వెంటనే యాజకత్వమునుండి తొలగింపబడిరి. రాజ్యమును, రాజును కోల్పోయిన జాతికి తనవారెవ్వరో తెలిసికొనుటకు వంశక్రమము ముఖ్యమైన ఆధారమైనది.

అయినను ఈ పట్టికలు శిలాశాసనములవలె మార్పులేనివి కావు. ఒకచోట కెనెజీయుడైన యెఫున్నె కుమారుడు కాలేబు. దినవృత్తాంతములలో కాలేబు అను పేరు యూదాగోత్రమున హెస్రోను కుమారునిగా చేరినది. సమూయేలు తండ్రి ఎఫ్రాయీము కొండసీమవాడు. తరువాతి పట్టికలో సమూయేలు లేవీయుల వరుసలో నిలిచెను. వీనిని లేఖకుల పొరపాట్లని త్రోసివేయరాదు. ఆఫ్రికాలోని టివ్ జాతివారి వంశావళులు వర్తమాన సంబంధములను బట్టి మారుచుండునని లారా బొహానన్ 1952లో నిరూపించెను. 1977లో రాబర్ట్ విల్సన్ అట్టి పరిశోధనల వెలుగులో బైబిలు వంశావళులను పరిశీలించి, అవి కుటుంబ, రాజకీయ, మత ప్రయోజనములనుబట్టి రూపొందునని వివరించెను. రక్తసంబంధమును చెప్పు భాషలోనే పొత్తును, చేరికను, పదవిని చెప్పుట ఆ సమాజపు రీతి.

ద్వితీయోపదేశకాండము మోయాబీయులను పదియవ తరము వరకును సమాజమున చేరనీయరాదని శాసించినది. నెహెమ్యా కాలమున ఆ శాసనమును చదివి అన్యులను వేరుచేసిరి. రూతు గ్రంథము చివర మరియొక పట్టిక కలదు. పెరెసుతో మొదలైన ఆ వరుసలో పదియవవాడు దావీదు. అతని ముత్తవ్వ రూతు మోయాబీయురాలు. ద్వారమును మూయుటకు వాడిన వంశావళియే ఇచట ద్వారమును తెరచుచున్నది. అనువాదకుడు ఈ నామములను విడిచిపెట్టినచో ఆ వాదము సాంతముగ లుప్తమగును.