ఏటికొప్పాక లక్క నగలు: ఒక వృత్తి పునరుద్ధరణ

ఆంధ్రప్రదేశ్‌లో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రతో బొమ్మలతో పాటు గాజులు, పూసలు కూడా తయారవుతూ వచ్చాయి. మెత్తని ఈ కర్రను తిప్పుడు యంత్రంపై గుండ్రంగా చెక్కి, అది తిరుగుతుండగానే లక్కను, అంటే చెట్లపై బతికే పురుగులు స్రవించే జిగురును, రంగు కలిపి ఒత్తిపట్టగా, రాపిడి వేడికి కరిగి పూతలా పరుచుకుంటుంది. ఆపై మొగలి ఆకుతో రుద్ది మెరుగుపెడతారు.

చౌకగా దొరికే రసాయన రంగులు వ్యాపించడంతో పాత రంగుల పరిజ్ఞానం మరుగున పడగా, ఆ ఊరి కళాకారుడు సి.వి. రాజు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి రంగులు తీసే పద్ధతులను పునరుద్ధరించి, విషపదార్థాలపై ఆంక్షలున్న విదేశీ విపణికీ అనువైన సరుకును చేయించారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, రాజుకు 2023లో పద్మశ్రీ లభించాయి; అయినా అంకుడు చెట్లను నరికినంత వేగంగా తిరిగి పెంచితేనే ఈ వృత్తి నిలుస్తుంది.