నిలువ నీడ ఎంత దూరంలో? సత్రం నుంచి షెల్టర్ దాకా

పట్టణీకరణ మీద మెయిన్స్ జవాబు రాసేటప్పుడు మనలో చాలామందిమి మురికివాడల దగ్గరే ఆగిపోతాం. మురికివాడలో ఉన్నవాడికి కనీసం రేకుల కప్పు ఉంటుంది. అదీ లేనివాళ్లు 2011 జనగణన ప్రకారం దేశంలో 17.7 లక్షల మంది, అందులో పట్టణాల్లోనే 9.38 లక్షలు. వీళ్ల కోసం ఊరి నడిబొడ్డున షెల్టర్ పెడతామంటే ముందు వినిపించే మాట "మా వీధిలో వద్దు, ఊరి బయట పెట్టుకోండి" అని. ఈ "ఊరి బయట" అన్న ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఈ వారం వ్యాసం.

మన సత్రాలు ఊరి బయట ఉండేవి కావు. గుడి పక్కన, కోనేటి గట్టున, బాట వెంబడి ఉండేవి. కట్టించినవాడికి పుణ్యం, పేరు. కులం చూసి పంక్తి వేయడం అక్కడా ఉంది కాబట్టి దాన్ని స్వర్ణయుగం అననక్కర్లేదు. పైగా సత్రంలో దిగేవాడు యాత్రికుడు, రెండు రోజులకు వెళ్లిపోతాడు. వెళ్లిపోయే అతిథి ఎవరికీ బరువు కాదు. వెళ్లడానికి చోటు లేనివాడి సంగతి వేరు. మద్రాసులో 1782 నాటి మణియగార్ సత్రం ఈ రెండో రకం వాళ్ల కోసం పుట్టింది. హైదర్ అలీ దండయాత్రల కాలపు కరువులో నగరంలోకి పారిపోయి వచ్చినవాళ్లకు గంజి పోయడానికి మొదలైన చోటు అది. తర్వాత అక్కడే ఆసుపత్రి పెరిగి, ఇవాళ్టి స్టాన్లీ ఆసుపత్రికి మూలమైంది.

అసలు మలుపు 1876–78 కరువులో వచ్చింది. రాయలసీమలో పెద్దవాళ్లు ధాత కరువు అనేది దీన్నే. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఖర్చు తగ్గించమని వైస్రాయ్ లిట్టన్ 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపాడు. కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి డబ్బు అని ఆయన తేల్చాడు. ఇది మనిషి బతకడానికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కోర్నిష్ గట్టిగా వాదించాడు. ఈ వాదన మన పుస్తకాల్లో ఉంటుంది. అంతగా కనిపించనిది "దూర పరీక్ష". సాయం కావాలంటే సొంతూరు వదిలి 10 మైళ్లకు పైగా దూరంలోని పని శిబిరానికి నడిచి వెళ్లాలి. అంత దూరం నడిచాడంటే నిజంగా అవసరంలో ఉన్నట్టే అని లెక్క. నడవలేనంత నీరసించినవాడికే అవసరం ఎక్కువ కదా అన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు! ఇంగ్లండు 1834 పేదల చట్టం వెనకా ఇదే అనుమానం ఉంది: సాయాన్ని కాస్త చేదుగా చేస్తేనే సోమరులు రారని.

దూరం ఎందుకు అంత ముఖ్యమో ఓల్గా టెల్లిస్ కేసు (1985) చెప్పింది. బొంబాయి ఫుట్‌పాత్ మీద ఉండేవాళ్లు పనికి దగ్గరగా ఉండాలనే అక్కడ ఉంటున్నారు, అక్కడి నుంచి తీసేస్తే జీవనోపాధి పోతుంది, జీవనోపాధి 21వ అధికరణంలో భాగమే అని సుప్రీంకోర్టు అంది. అయితే నోటీసిచ్చి తొలగించవచ్చని కూడా అదే తీర్పు. జవాబులో మొదటి సగమే రాసి వదిలేయకండి.

2009 డిసెంబరు చలిలో ఢిల్లీ పూసా రోడ్డు దగ్గరి తాత్కాలిక షెల్టర్‌ను తీసేశారు. ఆహార హక్కు కేసు (పీయూసీఎల్, 2001) కమిషనర్లు దీన్ని సుప్రీంకోర్టు దృష్టికి తెచ్చారు. 2010 జనవరి నుంచి వచ్చిన ఆదేశాల ఫలితమే తర్వాతి జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనలు: లక్ష జనాభాకు 100 మంది పట్టే షెల్టర్, మనిషికి 50 చదరపు అడుగులు, స్థలం స్టేషన్, బస్టాండు, మార్కెట్ లాంటి పనిచోట్లకు దగ్గరలో. టెంపుల్ దూర పరీక్షను ఇది కాగితం మీద తిరగేసింది. కాగితం మీదే ఎందుకంటున్నానంటే, 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సుకు ముందు హైదరాబాద్‌లో భిక్షాటనను నిషేధించి, వాళ్లను తరలించింది జైలు ఆవరణలోని ఆశ్రమానికి. జైలు పక్కన షెల్టర్‌కు ఎవరూ అభ్యంతరం చెప్పరు.

ఇక మా బారిడీహ్ వైపు చూద్దాం. జంషెడ్‌పూర్‌కు 1920 ప్రాంతంలో ప్లాన్ గీసిన ఇంజనీరు పేరు కూడా టెంపులే (ఎఫ్.సి. టెంపుల్, ఆ టెంపుల్ కాదు). శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన మనవాళ్లతో సహా అందరికీ ఇక్కడ క్వార్టర్ అంటే ఉద్యోగంతో ముడి. కాంట్రాక్టు కూలీకి ఆ ముడే లేదు. 2011లో నగర జనాభా 6 లక్షలు దాటింది కాబట్టి నిబంధన ప్రకారం కనీసం ఆరు షెల్టర్లు ఉండాలి. ఆసుపత్రి, మెడికల్ కాలేజీ, బజారు ఉన్న బారిడీహ్ లాంటి పేటను ఆ లెక్క నుంచి తప్పించడం కష్టం.

అభ్యంతరాలన్నీ దురుద్దేశంతో వచ్చేవి కావు. రాత్రి తాగి గొడవ చేస్తే ఎవరిని పిలవాలి, మరుగుదొడ్లు ఎవరు కడుగుతారు, ఆడవాళ్లకు వేరే గది ఉందా అన్నవి న్యాయమైన ప్రశ్నలు, వాటికి రాతపూర్వకంగా జవాబు రావాలి. "బయటివాళ్లు వచ్చి చేరతారు" అన్నది మాత్రం నాకు నిలవదనిపిస్తుంది. వాళ్లు ఇప్పటికే అదే వీధిలో మూసిన షాపు మెట్ల మీద పడుకుంటున్నారు. ఇంకో చిక్కు ఉంది. ఈ ఊరు నోటిఫైడ్ ఏరియా కమిటీ కింద నడుస్తుంది, ఎన్నికైన కౌన్సిలర్లు లేరు. అభ్యంతరం చెప్పేవాడికీ, ఫుట్‌పాత్ మీద పడుకునేవాడికీ ఒకే బల్ల దగ్గర కూర్చునే వార్డు సభ లేదు. కాబట్టి స్థలం ఎంపిక ఆఫీసు నిర్ణయమవుతుంది, చర్చ టీ కొట్టు దగ్గరే ముగుస్తుంది.

సాధన ప్రశ్న (250 పదాలు): "నిరాశ్రయుల షెల్టర్ స్థల ఎంపికలో స్థానికుల సమ్మతి ఎంతవరకు అవసరం? 1877 కరువు విధానంతో పోల్చి చర్చించండి." రాసి కామెంట్లో పెట్టండి, ఆదివారం లోపు చూస్తాను.