ఛాతీ గాయాలు – అంబులెన్స్ సమయం (ఉత్తరాంధ్ర)

ఛాతీకి బలమైన గాయమైనప్పుడు ప్రాణం పోయేది ప్రధానంగా ఊపిరి ఆడకపోవడం వల్ల, లోపల రక్తం పోవడం వల్ల. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇలాంటి గాయాలు 16వ నంబరు జాతీయ రహదారి మీద బైకు ప్రమాదాల్లోనూ, ఉద్దానం కొబ్బరిచెట్ల మీద నుంచి పడినప్పుడూ తగులుతాయి.

చిట్లిన ఊపిరితిత్తి నుంచి వచ్చే గాలి బయటికి పోయే దారిలేక పేరుకుంటే గుండెకు రక్తం చేరదు. నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. బృహద్ధమని తెగినవారిలో అత్యధికులు ప్రమాదస్థలంలోనే మరణిస్తారు. అయితే మొద్దుదెబ్బల్లో పెద్ద ఆపరేషన్ అవసరమయ్యేది పదిమందిలో ఒకరికన్నా తక్కువే. పక్కటెముకల మధ్య గొట్టం వేసి గాలినీ రక్తాన్నీ తీసేస్తే చాలామంది కోలుకుంటారు. ఆసుపత్రుల వాడుకలో ఇది ‘ఐసీడీ’. అందుకే ఐసీడీ వేయగల డాక్టరు ఎంత దూరంలో ఉన్నారన్నది ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం.

దారిలో చేసే చికిత్స విషయానికొస్తే, కత్తి, తూటా గాయాలతో రక్తపోటు పడిపోయినవారిపై అమెరికాలోని హ్యూస్టన్‌లో జరిపిన అధ్యయనం 1994లో వెలువడింది. దారిలోనే సెలైన్ ఎక్కించినవారిలో 62 శాతం, ఆపరేషన్ దాకా ఆపినవారిలో 70 శాతం బతికారు. ఇక సమయం విషయానికొస్తే, 2010లో వచ్చిన ఉత్తర అమెరికా అధ్యయనంలో 3,656 మంది క్షతగాత్రుల్లో అంబులెన్స్ నిమిషాలకూ మరణాలకూ సంబంధం కనబడలేదు. అక్కడి ప్రయాణాలు చాలావరకు గంటలోపే ముగిశాయి; ఆ ఫలితాన్ని ఇక్కడి కురుపాం కొండలకు వర్తింపజేయడం సరికాదు.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవ ఈ జిల్లాలకూ విస్తరించింది. కానీ రోడ్డులేని ఏజెన్సీ ఊళ్లలో మనిషిని ముందు డోలీలో కిందికి మోసుకురావాలి. ఆ సమయం అంబులెన్స్ లెక్కలోకి రాదు. ఆ తర్వాత పెద్ద ఆసుపత్రికి ‘రిఫర్’ ప్రయాణం. శ్రీకాకుళం నుంచి విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) సుమారు 115 కిలోమీటర్లు, పార్వతీపురం నుంచి సుమారు 140. ఇచ్ఛాపురం వారికి ఒడిశాలోని బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రి శ్రీకాకుళంకన్నా ఎంతో దగ్గర. గాయానికి రాష్ట్ర సరిహద్దుతో పనిలేదు.

దారిలో ఆక్సిజన్ పెట్టడం, గాలి పీల్చే గాయాన్ని మూడువైపులా అంటించి మూయడం, శిక్షణ ఉన్నచోట సూదితో గాలి తీయడం ఉపయోగపడతాయి. వీటికోసం బండిని ఎక్కువసేపు ఆపకూడదు. ఐసీడీ అవసరమైన రోగిని విశాఖకు పంపేముందే దగ్గరి ఆసుపత్రిలో గొట్టం వేయడం క్షేమం. ప్రయాణంలో గొట్టానికి తగిలించిన సీసా ఎప్పుడూ ఛాతీకన్నా దిగువనే ఉండాలి. గాలి వస్తున్న గొట్టానికి క్లాంప్ బిగించకూడదు.