సింగపూర్ ఆపి వదిలిన ఆట: మాస్ ఎఫెక్ట్ సింహావలోకనం

2007 నవంబరు మధ్యలో సింగపూర్ మీడియా డెవలప్‌మెంట్ అథారిటీ ఒక వీడియో గేమును దేశంలో అమ్మడానికి వీల్లేదంది. ఆట పేరు మాస్ ఎఫెక్ట్. అభ్యంతరం ఒకే ఒక్క సన్నివేశం మీద: భూలోకపు సైనికాధికారిణి ఒకామె, స్త్రీ రూపంలో ఉన్న ఒక గ్రహాంతరవాసి ముద్దాడుకుని దగ్గరయ్యే ఘట్టం. వార్త గుప్పుమన్న ఒకటి రెండు రోజుల్లోనే ఆ సంస్థ నిర్ణయం మార్చుకుంది. పద్దెనిమిదేళ్ళు నిండినవారికి మాత్రమే అనే ఎం18 ముద్ర వేసి ఆటను వదిలింది. ఆరు నెలలు తిరక్కముందే, 2008 ఏప్రిల్ 28న, సింగపూర్‌లో వీడియో గేములకు వయసువారీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది.

నిషేధం అలా ముగిసింది గానీ ఆ ఆట పేరెత్తితే ఇప్పటికీ చాలామంది ఆ సన్నివేశం దగ్గరే ఆగిపోతారు. ఇన్నేళ్ళ దూరం నుంచి చూస్తే రెండు సంగతులు తేటపడతాయి. ఒకటి, ఆ సన్నివేశం ఆటలోని బలహీనమైన చోట్లలో ఒకటి. రెండు, సింగపూర్ అధికారులు తీర్పు చెప్పింది ఆట మీద కాదు, తమ ఊహలో ఉన్న ఒక సినిమా మీద.

ముందు ఆట పుట్టుక చూద్దాం. కెనడాలోని ఎడ్మంటన్‌లో వైద్యవిద్య చదువుకున్న స్నేహితులు 1995లో పెట్టిన కంపెనీ బయోవేర్. 1998లో బాల్డర్స్ గేట్‌తో, 2003లో స్టార్ వార్స్ కథాలోకంలో తీసిన నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్‌తో రోల్ ప్లేయింగ్ గేముల్లో పెద్ద పేరు తెచ్చుకుంది. ఆ ఆటల్లో ఎదుటి పాత్రలు ఎంత మాట్లాడినా, కథానాయకుడి జవాబులను మనం తెర మీద చదువుకుని ఎంచుకోవాల్సిందే. కేసీ హడ్సన్ దర్శకత్వంలో, డ్రూ కార్పిషిన్ ప్రధాన రచయితగా వచ్చిన మాస్ ఎఫెక్ట్ ఆ మౌనాన్ని తీసేసింది. ఇందులో మనం నడిపే కమాండర్ షెపర్డ్ ఆడైనా మగైనా నోరు విప్పి మాట్లాడే మనిషి. మగ షెపర్డ్‌కు మార్క్ మీర్, ఆడ షెపర్డ్‌కు జెనిఫర్ హేల్ గొంతునిచ్చారు. ఎదుటివాడి మాట పూర్తికాకముందే మన జవాబు ఎంచుకునేలా తెర కింద ఒక చక్రం కనిపిస్తుంది. పై వైపు మెత్తని మాట, కింది వైపు కటువు మాట. ఇవాళ ఎన్నో ఆటల్లో కనిపించే ఈ పద్ధతిని జనానికి అలవాటు చేసింది ఇదే.

ఇక సింగపూర్. కంప్యూటర్ ఆటలకు ఈ నగరం కొత్తదేమీ కాదు. పీసీ ఆటలకు గొంతునిచ్చిన సౌండ్ బ్లాస్టర్ కార్డును 1989లో మార్కెట్లోకి తెచ్చింది ఇక్కడి క్రియేటివ్ టెక్నాలజీయే. సిమ్ వాంగ్ హూ పెట్టిన కంపెనీ అది. మనవాళ్ళు కూరగాయలకూ గుడికీ వెళ్ళే సెరంగూన్ రోడ్డు నుంచి నడిచి పోయేంత దూరంలోనే ఎలక్ట్రానిక్స్ అంగళ్ళ సిమ్ లిమ్ స్క్వేర్ ఉంది. కొనేవాళ్ళు, ఆడేవాళ్ళు, తయారుచేసేవాళ్ళు అందరూ ఉన్న ఊళ్ళో లేనిదల్లా ఆటలకు తగిన కొలబద్ద. సినిమాకు 1991 నుంచే వయసువారీ వర్గీకరణ ఉంది. ఎం18 అనే తరగతి కూడా 2004లోనే సినిమాలకు వచ్చింది. వీడియో గేముకు మాత్రం రెండే దారులు: పాసవ్వడం, లేదా ఆగిపోవడం. అదే 2007లో గాడ్ ఆఫ్ వార్ 2, ది డార్క్‌నెస్ అలాగే ఆగిపోయాయి.

కాలం కూడా వేడిగా ఉంది. ఆ అక్టోబరులోనే సింగపూర్ పార్లమెంటు శిక్షాస్మృతి సవరణల మీద వాడిగా చర్చించి, పురుషుల మధ్య లైంగిక సంబంధాన్ని నేరంగా చూసే 377ఎ సెక్షన్‌ను ఉన్నదున్నట్టు ఉంచేసింది. ఆ చర్చ చల్లారకముందే మాస్ ఎఫెక్ట్ అధికారుల బల్ల మీదికి వచ్చింది.

వాళ్ళు చూసిన సన్నివేశం ఆటలో ఎక్కడుందో, దాన్ని చేరడానికి ఏం చెయ్యాలో తెలిస్తే ఈ కథలోని అసలు తిరకాసు అర్థమవుతుంది. ఆట మొదట్లోనే షెపర్డ్‌ను ఆడమనిషిగా ఎంచుకోవాలి. లియారా టిసోని అనే పురావస్తు శాస్త్రవేత్తను ఒక గ్రహం మీద కాపాడి తన అంతరిక్ష నౌకలోకి తెచ్చుకోవాలి. ప్రతి యాత్ర తర్వాతా ఆమె గదికి వెళ్ళి ఓపిగ్గా మాట్లాడాలి. కైడెన్ అనే సహచరుడు కూడా ఇష్టపడుతుంటే ఇద్దరిలో ఆమెనే కోరుకోవాలి. ఇన్ని గంటల తర్వాత, కథ చివరి మజిలీకి ముందు రాత్రి, ఆ కొద్దిసేపటి ఘట్టం వస్తుంది. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ సన్నివేశం మన ఆటలో లేనట్టే. 2021లో బయోవేర్ విడుదల చేసిన గణాంకాల ప్రకారం, ఆ ఏడాది మెరుగుపెట్టి మళ్ళీ విడుదల చేసిన ఆటలో ఆడ షెపర్డ్‌ను ఎంచుకున్నవారు నూటికి 32 మంది. ఆ 32 మందిలోనూ లియారాను కోరుకున్నది కొందరే.

సినిమాలో ఒక దృశ్యం ఉందంటే హాల్లో ఉన్న అందరూ దాన్ని చూస్తారు. రోల్ ప్లేయింగ్ గేములో దృశ్యం కోరుకున్నవాడికే ఉంటుంది. ఆ తేడాను పట్టుకునే నిబంధన 2007లో సింగపూర్ చేతిలో లేదు. అందుకే ఆ పూట అధికారులను ఛాందసులని తిట్టడం కన్నా, చేతిలో కత్తెర తప్ప మరో పనిముట్టు లేకపోయిందని అనడమే సబబు. విచిత్రమేమిటంటే, కథ ప్రకారం లియారా జాతి అయిన అసారీలలో ఆడా మగా భేదమే లేదు. చూడ్డానికి స్త్రీలలా ఉన్నా వాళ్ళది ఒకే లింగం.

ఆ సన్నివేశం రక్తి కట్టదని ముందే అన్నాను. బొమ్మల కదలిక బిగుసుకుపోయి, సంభాషణ అరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది. మాస్ ఎఫెక్ట్‌ను క్లాసిక్ చేసిన ఘట్టాలు వేరే ఉన్నాయి.

మొదటిది నోవేరియా. మంచుకొండల మీది పరిశోధనశాలలో, దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట అంతరించిపోయిందనుకున్న రాక్నై అనే పురుగుజాతి రాణి గాజుతొట్టిలో బందీగా దొరుకుతుంది. ఒకప్పుడు ఆ జాతి లోకాలకే ముప్పు తెచ్చింది. చనిపోతున్న ఒక సైనికురాలి నోటితో రాణి మనతో మాట్లాడుతుంది, వదిలెయ్యమని వేడుకుంటుంది. వదలవచ్చు, ఆమ్లం పోసి జాతినంతా తుడిచెయ్యవచ్చు. ఆమె చెప్పేది నిజమని నమ్మడానికి ఆధారమేదీ లేదు. తుపాకీ గురితో గెలిచే వీలూ లేదు. చరిత్ర చెప్పినదాన్ని నమ్మాలా, ఎదురుగా ఉన్న ప్రాణిని నమ్మాలా అన్నదొక్కటే ప్రశ్న.

రెండోది, అన్నిటికన్నా గొప్పది, వర్మైర్. ఈ ఒక్క గ్రహం మీద మూడు దెబ్బలు వరసగా తగులుతాయి. మొదటి దెబ్బ రెక్స్. మన సహచరుల్లో ఒకడైన ఇతను క్రోగన్ అనే జాతివాడు. పూర్వం సెలారియన్లు అనే మరో జాతి క్రోగన్లను చేరదీసి రాక్నై మీదికి ఉసిగొల్పింది. యుద్ధం గెలిచాక క్రోగన్లు పెరిగి తిరగబడితే, సెలారియన్లు తయారుచేసిన జెనోఫేజ్ అనే రోగాన్ని వాళ్ళ జన్యువుల్లోకి ఎక్కించారు. దానితో వెయ్యి గర్భాల్లో ఒకటి నిలిస్తే గొప్ప. వర్మైర్‌లో శత్రువు దగ్గర ఆ రోగానికి మందుందని, దాన్ని మనం పేల్చెయ్యబోతున్నామని తెలిసి రెక్స్ తుపాకీ ఎక్కుపెడతాడు. మాటలతో అతన్ని ఒప్పించే నేర్పు షెపర్డ్‌కు ఉండాలి, లేదా అంతకుముందు అతని పూర్వీకుల కవచాన్ని వెతికి తెచ్చిపెట్టి ఉండాలి. రెండూ లేకపోతే చావే. ఎప్పుడో దారి తప్పి చేసిన ఒక చిన్న సైడ్ మిషన్ ఇక్కడ ఒక ప్రాణం నిలబెడుతుంది.

రెండో దెబ్బ సావరిన్. అప్పటిదాకా శత్రువుల ఓడ అనుకున్నది తానే ఒక ప్రాణినని, మీ నాగరికతలు పెరిగిన దారులన్నీ మేం వేసినవేనని చల్లగా చెబుతుంది. ఆటలో విలన్ ఇంత తక్కువ మాట్లాడి ఇంతగా వణికించడం అరుదు. మూడోది యాష్లీ, కైడెన్‌ల ఘట్టం. ఇద్దరు సహచరులు రెండు చోట్ల చిక్కుకుంటారు, ఒక్కరి దగ్గరికే చేరే సమయం ఉంటుంది. ఇక్కడ సరైన జవాబంటూ లేదు. ఎవరిని వదిలినా ఆ మనిషి మళ్ళీ రాడు, తర్వాతి రెండు ఆటల్లో కూడా.

మూడో ఘట్టం ఐలోస్. శిథిలాల కింద విజిల్ అనే యంత్రగాత్రం ఒక అంతరించిన జాతి చివరి రోజులు చెబుతుంది. గాఢనిద్రలో ఉంచిన శాస్త్రవేత్తలకు చాలినంత విద్యుత్తు లేక, అంత ముఖ్యం కానివారి పెట్టెలను తానే ఒక్కొక్కటిగా ఆపేసుకుంటూ వచ్చానని చెప్పే చోట జాక్ వాల్, సామ్ హ్యూలిక్‌ల సంగీతం తోడై చెయ్యి ఆడదు. అప్పటిదాకా విశ్వానికి రాజధాని అనుకున్న సిటడెల్ ఒక ఉచ్చు అన్న రహస్యం బయటపడేదీ ఇక్కడే.

లోపాలు దాచాల్సిన పని లేదు. మాకో అనే ఆరు చక్రాల బండిని కొండల మీద నడపడం శిక్ష. సైడ్ మిషన్లలో ఏ గ్రహానికి వెళ్ళినా అవే రెండు మూడు స్థావరాలు, అవే పెట్టెల గుట్టలు. సంచిలో పేరుకునే ఆయుధాలను ఒక్కొక్కటే తీసెయ్యడానికే బోలెడు సమయం పోతుంది. చక్రం మీద కనిపించే పొట్టి మాటకూ, షెపర్డ్ నిజంగా అనే మాటకూ పొంతన కుదరక ఒక్కోసారి మనమే ఉలిక్కిపడతాం. అందరూ వెక్కిరించిన లిఫ్టులను మాత్రం నేను వెనకేసుకొస్తాను. ఆట తర్వాతి చోటును లోడ్ చేసుకోవడానికి పెట్టిన ముసుగు అది. అయినా ఆ నిమిషంలో సహచరులు ఒకరినొకరు గుచ్చుకుంటూ మాట్లాడుకుంటారు, మనం చేసిన పనులు వార్తలుగా వినబడతాయి. లోకం బతికున్నట్టు అనిపించేది ఆ ఇరుకు పెట్టెల్లోనే.

సన్నివేశం మీద గొడవ ఒక్క సింగపూర్‌దే కాదు. 2008 జనవరిలో అమెరికాలో ఫాక్స్ న్యూస్ ఈ ఆట మీద ఒక చర్చ పెట్టింది. అందులో దుమ్మెత్తిపోసిన ఒక రచయిత్రి ఆటను తాను ఆడనే లేదని ఆ చర్చలోనే తేల్చేశారు, తర్వాత విచారం వెలిబుచ్చారు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు సాగిన ఆ చర్చతో పోలిస్తే సింగపూర్ అధికారులు నయం. వాళ్ళు కనీసం చూశారు, చూశాక దిద్దుకున్నారు కూడా.

తర్వాతి కథ వేగంగా చెప్పుకోవచ్చు. 2010లో వచ్చిన రెండో భాగం పోరాటాలను పదునెక్కించింది, పాత సేవ్ ఫైలును తెచ్చుకుని మన నిర్ణయాలను గుర్తుపెట్టుకుంది. 2012లో మూడో భాగం రెక్స్, రాక్నై రాణి, జెనోఫేజ్ కథలను ముగింపుకు తెచ్చింది. చివరి పది నిమిషాలు మాత్రం అభిమానులకు మింగుడుపడక, బయోవేర్ ముగింపును విస్తరించి మళ్ళీ ఇవ్వాల్సి వచ్చింది. 2017 నాటి ఆండ్రోమెడా ఆ స్థాయి అందుకోలేదు. 2021 మే 14న తొలి మూడు భాగాలూ లెజెండరీ ఎడిషన్‌గా కొత్త మెరుగుతో వచ్చాయి. మాకో దారికొచ్చింది, లిఫ్టులు పొట్టివయ్యాయి.

చట్టాలు కూడా కదిలాయి. మీడియా డెవలప్‌మెంట్ అథారిటీ 2016లో మరో సంస్థతో కలిసి ఐఎండీఏ అయింది. 377ఎ రద్దుకు సింగపూర్ పార్లమెంటు 2022 నవంబరులో ఓటేసింది. మన దేశంలో కథ మరోలా నడిచింది. 2014లో బయోవేర్ వారిదే డ్రాగన్ ఏజ్: ఇన్‌క్విజిషన్ భారత మార్కెట్‌కు రాకముందే దాని ప్రచురణ సంస్థ ఈఏ దాన్ని వెనక్కి తీసుకుంది. స్థానిక చట్టాలకు భంగం కలగకూడదని కారణం చెప్పింది. అంతకు ఏడాది ముందే సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాలను నేరంగా చూసే మన 377 సెక్షన్‌కు మళ్ళీ ప్రాణం పోసింది, 2018 సెప్టెంబరులో సమ్మతి ఉన్న వయోజనుల మేరకు దాన్ని కొట్టేసింది. సింగపూర్‌లో అడ్డు చెప్పింది ప్రభుత్వం. కాబట్టి అడగడానికి ఒక గుమ్మం ఉంది, నిర్ణయం మారింది. మన దగ్గర అమ్మేవాడే భయపడి తప్పుకున్నాడు. అడగడానికి గుమ్మమే లేదు. చాటున జరిగే ఈ రెండో రకం సెన్సారే ఎక్కువ ప్రమాదకరం.

తీర్పు చెప్పాల్సి వస్తే, ఆడటానికి హాయి రెండో భాగంలో ఎక్కువ, లోకాన్ని కట్టిన తీరులో మొదటి భాగానికి సాటి లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు మొదటిది పాతబడిందని నేరుగా రెండోదానికి దూకమని సలహా ఇస్తుంటారు. వినవద్దు. వర్మైర్‌లో ఎవరిని కాపాడారో మీకే తెలియకుండా రెండో భాగంలోకి వెళితే, దక్కేది వేరొకరు ఆడి వదిలిన కథే. ఒక దృశ్యాన్ని విడిగా కోసి చూసినందుకు అధికారులను తప్పుబట్టిన మనం, ఆటను సగం కోసుకుని ఆడటం ఏ న్యాయం?