వెట్టి లెక్క – ఎవరి నష్టం, ఎవరికి పరిహారం?



బానిసత్వం రద్దు చేసి పరిహారం ఇచ్చారంటే మా బోనకల్‌లో ఎవరైనా బానిసలకే ఇచ్చారనుకుంటారు. ఇచ్చింది యజమానులకు. 1833లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి వాళ్లకు 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. విడుదలైనవాళ్లకు పైసా లేదు. పైగా ‘అప్రెంటిస్’ అని పేరుపెట్టి మరికొన్నేళ్లు పాత యజమాని దగ్గరే జీతం లేకుండా పని చేయించారు.

ఆ సొమ్ములో 20 లక్షల పౌండ్లకు పైగా మారిషస్ యజమానులకు వెళ్లింది. తర్వాత అక్కడి చెరకు తోటలకు కోరంగి రేవు నుంచి మన తెలుగు కూలీలను ఒప్పందం మీద ఓడలెక్కించారు. అందుకే అక్కడ మనవాళ్లకు ‘కోరంగీలు’ అని పేరు.

కంపెనీ ఏలుబడిలోని ఇండియాను ఆ చట్టం నుంచి మినహాయించారు. 1843లో వచ్చిన 5వ చట్టం, బానిస మీద యజమాని హక్కును కోర్టులు గుర్తించవని చెప్పి ఊరుకుంది. అప్పు కింద కట్టిపడేసిన పాలేరు మాత్రం పాలేరుగానే మిగిలాడు.

మన మధిర వైపు నిజాం రాజ్యం. అక్కడ భగేలా పేరుతో అప్పుకు మనిషినే తాకట్టు పెట్టుకున్నారు. 1936లో నిజాం సర్కారు దాన్ని కట్టడి చేసే చట్టం తెచ్చినా దొరల గడప దాటలేదు. 1949 ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దార్లకు పరిహారం ఇవ్వడానికి వెంటనే 1950లో చట్టం వచ్చింది. అదే ఏడాది అమల్లోకొచ్చిన రాజ్యాంగం 23వ అధికరణలో వెట్టిని నిషేధించింది. కానీ తరతరాలుగా చెప్పులు కుట్టి, కబురు మోసి, గొడ్డు కళేబరం ఎత్తినవాళ్ల బకాయి కూలి ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు.

1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ఒక్కటే ఈ వరస తిప్పింది. పాలేరు అప్పు రద్దు. ఆ అప్పు వసూలు చేస్తే నేరం. ఆసామికి పరిహారం లేదు. 1978 పథకం కింద విడుదలైనవాళ్లకే అప్పట్లో 4,000 రూపాయల దాకా పునరావాస సాయం ఉండేది. అది కూడా అధికారి ‘వెట్టి’ అని గుర్తిస్తేనే.

రిజర్వేషన్లు ఇంకెన్నాళ్లని మనల్ని అడుగుతుంటారు. బానిస యజమానుల పరిహారానికి తెచ్చిన అప్పును బ్రిటన్ జనం పన్నులు కట్టి 2015 దాకా తీర్చారు. అంటే 180 ఏళ్లు. యజమాని నష్టానికి అంత ఓపిక ఉన్న లోకానికి, మన బకాయి అనగానే గడువెందుకు గుర్తొస్తుంది?

జై భీమ్.