వేట పడవలో నీరు: కోరమాండల్ తీరంలో కారుడు, మరమ్మతుల చరిత్ర

7.1 పరిచయం

గత యూనిట్‌లో మీరు మోటుపల్లి రేవు గురించి చదివారు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అక్కడ వేయించిన అభయ శాసనం మీకు గుర్తుండే ఉంటుంది. గాలివానకు చెడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని, తాను మాత్రం న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆ శాసనంలో రాజు మాట ఇచ్చాడు. ఓడ పోయిన తరవాత సరకు ఎవరిది అన్నది రాజుకూ వర్తకుడికీ మధ్య తేలవలసిన విషయం. అందుకే అది రాతికెక్కింది. తెల్లవారుజామున వేటకు వెళ్లే చిన్న పడవ అడుగున చేరే నీటి సంగతి అలాంటిది కాదు. ఆ నీరు ఎక్కడినుంచి వస్తోంది, దాన్ని ఎవరు ఆపాలి అన్నది పడవలో ఉన్న నలుగురైదుగురికి సంబంధించిన విషయం. వాళ్లకు మాత్రం అది ప్రాణాలతో ముడిపడినది.

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు ఒక సంగతి వివరించగలుగుతారు. మన తీరంలో పడవ కట్టే పద్ధతి మారిన ప్రతిసారీ నీరు కారే చోటు మారింది. దాన్ని కనిపెట్టి బాగుచేయగల మనిషి కూడా మారాడు. "పాత పడవలు కారేవి, కొత్త పడవలు కారవు" అనే తేలిక మాట మీరు వినే ఉంటారు. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

7.2 తెప్ప

ముందుగా తెప్పను తీసుకుందాం. తేలికైన దుంగలను పడవ ఆకారంలో చెక్కి, పక్కపక్కన చేర్చి బిగించేదే తెప్ప. నీరు దుంగల సందుల్లోంచి పైకి వస్తుంది, మళ్లీ కిందికి పోతుంది. తెప్ప తేలేది తన లోపలి ఖాళీ వల్ల కాదు, దుంగల తేలికదనం వల్ల. కాబట్టి తెప్పకు "కారడం" అనే జబ్బే లేదు. దాని జబ్బు వేరు: దుంగలు నీరు పీల్చుకుని బరువెక్కడం. అందుకే వేట నుంచి రాగానే దాన్ని ఒడ్డుకు లాగి, దుంగలు ఆరబెట్టేవారు. ఈ ఆరబెట్టే అలవాటును గుర్తుంచుకోండి. తరవాత దీనితో మనకు పని ఉంది.

7.3 కుట్టిన పడవ: ముగ్గురు సాక్షులు

ఒడ్డు నుంచి లాగే పెద్ద వలను కెరటాలు దాటించి సముద్రంలో విడవాలంటే తెప్ప చాలదు. లోతైన పడవ కావాలి. దానికోసం వాడిన పడవను మన వైపు వట్టి పడవ అనే అన్నారు. ఇంగ్లీషువాళ్లు మసూలా బోటు అన్నారు. మద్రాసులో సరైన ఓడరేవు లేనంతకాలం, అంటే 19వ శతాబ్దం చివరిదాకా, దూరాన లంగరు వేసిన ఓడల నుంచి మనుషుల్నీ సరకునూ ఒడ్డుకు చేర్చింది కూడా ఈ రకం పడవలే.

దీన్ని కట్టే తీరు చూడండి. వెడల్పయిన, పలుచని పలకలను అంచుకు అంచు చేర్చి, అంచుల పొడుగునా రంధ్రాలు చేసి, కొబ్బరి పీచు తాడుతో బట్ట కుట్టినట్లు కుడతారు. కుట్టు కింద, పలకలు కలిసే గీత మీద, ఎండు గడ్డిగానీ పీచుగానీ చుట్టలాగా పరిచి, దాని మీదుగా తాడును బిగిస్తారు. ఇనుప మేకు ఉండదు. లోపల పక్కటెముకల్లాంటి చట్రం కూడా ఉండదు. తడిసినప్పుడు గడ్డి ఉబ్బి సందును మూస్తుంది.

ఇలాంటి పడవల గురించి రాసిన ముగ్గురిని వరసగా విందాం. మొదటివాడు ఇటలీకి చెందిన క్రైస్తవ సన్యాసి జాన్ ఆఫ్ మాంటెకార్వినో. చైనాకు వెళ్తూ దారిలో కోరమాండల్ తీరంలో ఆగి, 1292-93 ప్రాంతంలో ఒక ఉత్తరం రాశాడు. అతనికి ఇక్కడి ఓడలు బొత్తిగా నచ్చలేదు. ఇనుము లేదు, సందుల్లో ఏమీ కూరలేదు, తాడుతో కుట్టారు, తాడు ఎక్కడ తెగితే అక్కడ గండి పడుతుంది అన్నాడు. సముద్రం మీదికి పోదలిస్తే ఏడాదికొకసారి ఎంతో కొంత బాగుచేసుకోవలసిందేనని కూడా రాశాడు.

రెండోవాడు ఇంగ్లీషు వర్తక నావికుడు థామస్ బౌరీ. 1669 నుంచి 1679 వరకు బంగాళాఖాతం చుట్టుపక్కల తిరిగాడు. అతని రాతప్రతి 1905లో గానీ అచ్చు కాలేదు. మసూలా పడవ చూడ్డానికి వికారంగా ఉంటుందనీ, పలకలు పలుచననీ, అడుగు చదుననీ అతనూ అన్నాడు. కానీ అక్కడితో ఆగలేదు. ఈ తీరంలో కెరటాలు ఎత్తుగా లేచి విరుగుతాయి. ఈ పడవ కెరటానికీ వంగుతుంది, నేలకు తగిలినప్పుడు నేలకూ వంగుతుంది. కాబట్టి ఈ తీరానికి ఇదే తగినది అని రాశాడు.

మూడోవాడు జేమ్స్ హోర్నెల్. మద్రాసు ప్రభుత్వ మత్స్యశాఖ డైరెక్టరుగా పనిచేశాడు. భారతీయ పడవల నిర్మాణం మీద అతని పరిశోధన 1920లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ ప్రచురణగా వచ్చింది. అప్పటికీ మసూలా పడవ తీరం పొడుగునా వాడుకలోనే ఉంది. ఆ తరవాత కూడా చాలాకాలం ఉంది. 1980లలో ఎరిక్ కెంట్లీ అనే పరిశోధకుడు తూర్పు తీరంలో దీన్ని ప్రత్యేకంగా అధ్యయనం చేశాడు.

ఇప్పుడు ఆలోచించండి. ఒకే రకం కుట్టును చూసి మాంటెకార్వినో లోపం అన్నాడు, బౌరీ తగినది అన్నాడు. ఎందుకు? నా ఉద్దేశంలో తేడా వాళ్లు కూర్చున్న చోటులో ఉంది. మొదటివాడు దూరప్రయాణం చేసే ప్రయాణికుడు. ఓడలో చేరిన నీరే అతనికి కనబడింది. రెండోవాడు నావికుడు, అదే పడవ ఒడ్డున కెరటాల్లో ఏం చేస్తుందో చూశాడు. మేకులు కొట్టిన బిగువైన పడవను ఆ కెరటం ఇసుక మీద విసిరికొడితే మేకు దగ్గర పలక చీలుతుంది. కుట్టు పడవ వంగి, కొంచెం నీరు తీసుకుని, బతుకుతుంది. ఆ నీటిని తోడడానికి పడవలో ఒక మనిషి ఉంటాడు. అంటే కారడాన్ని పూర్తిగా ఆపకుండా, దాన్ని ఒక మనిషి పనిగా లెక్కగట్టారు. దీన్ని అజ్ఞానం అనడం కంటే బేరం అనడం సబబు.

మాంటెకార్వినో తప్పుపట్టిన వార్షిక మరమ్మతులో ఒక సౌకర్యం కూడా ఉంది. నీరు ఎక్కువగా వస్తున్న చోట కుట్టు విప్పి, కుళ్లిన గడ్డి తీసేసి, కొత్తది పరిచి, లోపల ఒకరు బయట ఒకరు కూర్చుని తాడు అందించుకుంటూ మళ్లీ బిగిస్తారు. పలక చెడితే ఆ ఒక్క పలకే మారుస్తారు. కావలసిన పీచూ గడ్డీ ఊళ్లోనే దొరుకుతాయి. బయటి వస్తువు, బయటి మనిషి దాదాపు అవసరం లేదు.

ఇనుము వాడకపోవడానికి ఒక గ్రంథస్థ కారణం కూడా మీకు కనిపిస్తుంది. భోజుడి పేర ప్రచారంలో ఉన్న యుక్తికల్పతరువు, సముద్రంలోని అయస్కాంత శిలలు ఓడను లాగేస్తాయి గనుక ఇనుముతో బిగించవద్దు అంటుంది. ఈ మాటను పాఠ్యపుస్తకాలు ఇష్టంగా ఎత్తి రాస్తుంటాయి. పీచు తాడు చవక, ఇనుము ఖరీదు, ఉప్పునీటిలో ఇనుము తుప్పు పడుతుంది అన్న మూడు కారణాలు చాలని నాకనిపిస్తుంది.

7.4 మేకుల పడవ

గోదావరి డెల్టా కథ వేరు. అక్కడ ఏటిపాయలున్నాయి, లోపలికి రేవులున్నాయి. పడవ రోజూ కెరటాల్లో దొర్లనక్కరలేదు. నరసాపురం పక్కన మాధవాయపాలెంలో 17వ శతాబ్దంలో ఇంగ్లీషు వర్తకులు ఓడలు కట్టించుకునేవారు. ఆ ప్రాంతంలో మంచి కలప, ఇనుప పని, నేర్పరులైన వడ్రంగులు ఉన్నారని బౌరీయే చెబుతాడు. తరవాతి కాలంలో కోరంగి, ఇప్పటికీ తాళ్లరేవు, ఈ పనికి పేరుపడ్డాయి.

మేకుల పడవలో సందులను దూదితోగానీ నూలుతోగానీ కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పూస్తారు. ఇక్కడ నీరు రెండు చోట్ల వస్తుంది: సందులో, మేకు దగ్గర. మేకు చుట్టూ చెక్క నల్లబడి, తుప్పు మరక కిందికి జారి ఉంటే ఆ మేకు పట్టు పోయిందని వడ్రంగి చూడగానే చెబుతాడు. సందును కనిపెట్టడానికి ఒక తిరకాసు పద్ధతి ఉంది. పడవను ఒడ్డున నిలిపి, లోపల కొద్దికొద్దిగా నీళ్లు పోస్తారు. సముద్రంలో బయటినుంచి లోపలికి వచ్చే నీరు ఇప్పుడు లోపలినుంచి బయటికి వస్తుంది. పొడిగా తుడిచిన పలక మీద ఏ చోట మొదట చెమ్మ కనబడితే అక్కడ సుద్దతో గుర్తుపెడతారు. ఎక్కువ నీళ్లు పోయకూడదు. ఆ బరువును బయట సముద్రం మోస్తుంది గానీ ఇసుక మోయదు.

ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. వేసవిలో ఒడ్డున ఎండిన పడవలో సందులన్నీ తెరుచుకుంటాయి. వాటిని చూసి కంగారుపడి దూదిని గట్టిగా దట్టిస్తే, పడవ నీటిలో దిగి చెక్క ఉబ్బినప్పుడు చోటు చాలక పలకే మేకులను పెకలించుకుని లేస్తుంది. ముందు తడి గోనెలు కప్పి, రెండు మూడు రోజులు నాననిచ్చి, అప్పటికీ కారే చోటును మాత్రమే కూరాలి. కారే సందును వెంటనే మూయకుండా ఆగడం కూడా నేర్పులో భాగమే.

7.5 ఇంజను

1950లలో వేట పడవలకు ఇంజను బిగించే కార్యక్రమం దేశంలో మొదలైంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పంపిన పడవ నిర్మాణ నిపుణులు కొత్త నమూనాలు గీశారు. ఇంజను వల్ల దూరం పోగలిగారు, ఎక్కువ చేప తెచ్చారు. ఇవి మీకు తెలిసినవే. నీటి విషయంలో జరిగింది రెండు.

ఒకటి, పడవ అడుగున మనిషే ఒక రంధ్రం చేశాడు. ఇంజను నుంచి నీటిలోని ఫ్యానుకు పోయే షాఫ్టు ఆ రంధ్రంలోంచి తిరుగుతూ ఉండాలి, నీరు మాత్రం రాకూడదు. షాఫ్టు చుట్టూ గ్రీజు పట్టించిన ప్యాకింగు తాడు చుట్టి, బోల్టులతో నొక్కి ఉంచుతారు. మరీ బిగిస్తే షాఫ్టు వేడెక్కి అరుగుతుంది; వదులైతే నీరు వస్తుంది. ఒక్కొక్క చుక్క రాలేలా వదలడమే సరైన బిగింపు. పడవ ఆగినప్పటికంటే ఇంజను నడుస్తున్నప్పుడు నీరు పెరిగితే ముందుగా చూడవలసిన చోటు ఇదే. పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడు మాత్రమే పెరిగితే పై పలకల సందు అనుకోవాలి. రెండిటితో సంబంధం లేకుండా, లంగరు మీద ఉన్నా సమంగా ఊరుతుంటే అడుగు భాగం చూడాలి.

రెండోది అంతగా ఎవరూ ఊహించనిది. ఇంజను పడవ బరువైనది. రోజూ ఒడ్డుకు లాగలేరు. విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో రాత్రింబవళ్లు నీటిలోనే ఉండిపోయింది. 7.2లో గుర్తుంచుకోమన్న అలవాటు ఇక్కడ తెగింది. ఓడ పురుగు అనే జీవి (నిజానికి ఇది పురుగు కాదు, ఆల్చిప్పల బంధువు) సూదిమొనంత రంధ్రంతో చెక్కలో చేరి, లోపల సొరంగాలు తొలుస్తూ పెరుగుతుంది. బయటికి పలక బాగానే కనబడుతుంది. సుత్తితో తడితే బోలు చప్పుడు వస్తుంది. ఎండకు ఆరినా, మంచినీటిలో కొన్ని వారాలున్నా అది చచ్చిపోతుంది. ఒడ్డుకు లాగే పడవకు ఆ రక్షణ ఖర్చు లేకుండా దొరికేది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి, ఆర్. నాగభూషణం 1950లలోనే విశాఖ రేవులో కలపను తొలిచే జీవులను అధ్యయనం చేశారు. 1957లో కొచ్చిలో పని ప్రారంభించిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, పడవ అడుగుకు లోహపు రేకు తొడగడం, కలపకు రసాయనాలు పట్టించడం మీద పరిశోధనలు చేసింది. ఫలితాలు మంచివే. కానీ రేకు కొనాలి, తొడిగేవాణ్ణి పిలవాలి, పడవను పైకెక్కించే చోటుకు అద్దె కట్టాలి. మరమ్మతు ఊరి పనిగా ఉండడం మాని, డబ్బు పనిగా మారింది.

7.6 ఫైబర్ బోటు

1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఆహార, వ్యవసాయ సంస్థవారి బంగాళాఖాత కార్యక్రమం, ఇంజను ఉన్నా ఇసుక మీదికి లాగగల పడవల కోసం ప్రయత్నించింది. ఫైబర్ పడవలు అలా మన తీరానికి పరిచయమై, 2004 డిసెంబరు 26 సునామీ తరవాత విపరీతంగా పెరిగాయి. ఫైబర్‌లో సందు లేదు, మేకు లేదు, పురుగు తినదు. మరి కారదా? కారుతుంది. ఇసుక మీద లాగగా లాగగా అడుగు పైపూత అరిగి, లోపలి గాజునార బయటపడుతుంది. బోల్టు రంధ్రాల దగ్గర, ఇంజను తగిలించే వెనక పలక దగ్గర సన్నని పగుళ్లు వస్తాయి. నీరు ఆ పగుళ్లలోంచి లోపలి చెక్కలోకీ ఫోమ్‌లోకీ చేరి అక్కడే నిలుస్తుంది. తోడడానికి అందదు, కంటికి కనబడదు. పడవ నిరుటి కంటే బరువుగా ఉందని లాగేవాళ్ల భుజాలే మొదట చెబుతాయి.

ఆ చోటును గీకి, పూర్తిగా ఆరనిచ్చి, రెసిన్‌లో గట్టిపరిచే రసాయనాన్ని సరైన పాళ్లలో కలిపి, గాజునార పొరలు అంటించాలి. తడి మీద అంటిస్తే పొర ఊడి వస్తుంది. వేట మానుకుని పడవను ఎన్నాళ్లు ఆరనిస్తారు అన్నది అప్పుల లెక్కతో ముడిపడిన విషయం. అందుకే చాలా పడవల మీద తడిలోనే అంటించిన అతుకులు కనబడతాయి. వాటిని అశ్రద్ధ అని రాసేముందు ఆ వారం వేట ఆగితే ఇంట్లో ఏమవుతుందో అడగండి.

7.7 క్షేత్ర అభ్యాసం

మీకు దగ్గరలోని తీర గ్రామానికిగానీ, తీరం దూరమైతే చెరువులో నాటు పడవలు నడిపే ఊరికిగానీ వెళ్లండి. అరవై ఏళ్లు దాటిన ఒక మత్స్యకారుణ్ణి, ఇరవై అయిదు లోపు ఒకరిని విడివిడిగా కలవండి. అనుమతి అడిగి, ఈ ప్రశ్నలు వేయండి: మీ పడవలో నీరు మొదట ఎక్కడ వచ్చేది? ఎలా కనిపెట్టారు? ఎవరు బాగుచేశారు, ఎన్నాళ్లు పట్టింది, ఏమిచ్చారు? నీళ్లు తోడే పని ఎవరిది? వాళ్లు వాడిన మాటలను వాళ్లు పలికినట్లే రాసుకోండి; పుస్తకం మాటలతో మార్చవద్దు. ఇద్దరి జవాబులనూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో రెండు పుటల్లో రాసి, మీ అధ్యయన కేంద్రంలోని కౌన్సెలర్‌కు చూపించండి.