కిటికీ అద్దం, వెనిగర్, మా అమ్మమ్మ లాంతరు

"అమ్మమ్మల కాలం చిట్కా, వెనిగర్‌తో కిటికీలు తళతళ" అని ఈ మధ్య రీల్స్ తెగ తిరుగుతున్నాయి కదా. నాకు అక్కడే డౌట్ వచ్చింది. మా అమ్మమ్మ వాళ్ళింట్లో కిటికీలకి అసలు అద్దాలే లేవు! చెక్క తలుపులు, ఇనుప ఊచలు, అంతే. ఆవిడ రోజూ తుడిచిన గాజు ఒక్కటే, లాంతరు చిమ్నీ. పొద్దు వాలేసరికి పొయ్యిలో బూడిద మెత్తటిది తీసుకుని, గుడ్డకి అద్ది, లోపల పట్టిన మసిని మెల్లగా తుడిచేది. బూడిదలో క్షారం ఉంటుంది, అది జిడ్డుని లాగేస్తుంది.

మరి ఈ వెనిగర్ ఎవరి అమ్మమ్మది? ఇంగ్లండ్ వెళ్దాం. 1696లో అక్కడ ఇంటికి ఎన్ని కిటికీలుంటే అంత పన్ను అన్నారు. జనం ఏం చేశారో తెలుసా? కిటికీలకి ఇటుకలు కట్టి మూసేశారు. అలా మూసినవి కొన్ని పాత ఇళ్ళకి ఇప్పటికీ కనిపిస్తాయి. గాజు మీద సుంకం 1845లో, కిటికీ పన్ను 1851లో పోయాయి. అదే 1851లో లండన్‌లో దాదాపు 3 లక్షల గాజు పలకలతో క్రిస్టల్ ప్యాలెస్ నిలబడింది. గాజు పెరిగింది, ఊరంతా బొగ్గు పొగ, ఇక తుడిచే చాకిరీ మొత్తం పనివాళ్ళ నెత్తిన పడింది. తడి సుద్దపొడి రుద్ది, ఆరాక తుడవడం, వెనిగర్ నీళ్ళు, ఇవీ వాళ్ళ చిట్కాలు.

1933లో అమెరికాలో విండెక్స్ వచ్చింది. మొదట్లో అది మంట అంటుకునే సరుకు, అందుకే రేకు డబ్బాల్లో అమ్మారు.

ఇప్పుడు నా సంగతి. "ఇంట్లో చేసిందేగా, ఏమవుతుంది" అనుకుని, బాత్రూమ్ కిటికీకి వెనిగర్‌లో కాస్త బ్లీచ్ కలిపాను. క్షణాల్లో కళ్ళు మంట, ఊపిరాడని దగ్గు. తలుపు తీసి బయటికి పరిగెత్తాను. అప్పుడు పుట్టింది క్లోరిన్ గ్యాస్ అండి. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్రా దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల కందకాల మీదికి వదిలింది ఇదే. బ్లీచ్‌లో వెనిగరే కాదు, అమ్మోనియా, టాయిలెట్ క్లీనర్ యాసిడ్, ఏదీ కలపకండి.

బేకింగ్ సోడా కలిపితే ప్రమాదం లేదు, ఉపయోగమూ లేదు. నురగ వీడియోకి బాగుంటుంది గానీ, రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. బోరు నీళ్ళ తెల్లమచ్చలకి వెనిగర్, నీళ్ళు సమానంగా చాలు. కాసేపు నాననిచ్చి పాత న్యూస్‌పేపర్‌తో తుడవండి. కిటికీ గట్టు పాలరాయి అయితే మాత్రం చుక్క పడనివ్వొద్దు, రాయిని తినేస్తుంది. స్ప్రే బాటిల్ పాతదైతే ముందు బాగా కడగండి, లోపల ఏముందో పేరు రాసి అంటించండి. నేను అంటించాను, కాస్త ఆలస్యంగా!